పాలు కాస్తే సీసం పోతుందా?

ఈ నెల నేను మీకు చెప్పదలచినది మా ఇంటి ఎదుట జరిగిన సంగతి. ఇందులో ఒక గేదె ఉన్నది, దాని దూడ ఉన్నది, ఆరో తరగతి చదివే కుర్రవాడు ఒకడున్నాడు. తప్పు చేసినవాడు కూడా ఒకడున్నాడు. అతనెవరో ముందే చెప్పేస్తాను: నేనే.

మా రామాపురం చిన్న ఊరు. తెనాలి, రేపల్లె, బాపట్ల చుట్టుప్రక్కల ఊళ్ళన్నిటి లాగానే మాదీ కాలవ నీటి మీద బతికే ఊరు. వరి కోతలు కాగానే ఇంటింటా గడ్డివాములు లేస్తాయి. తెల్లవారక ముందే పాలకేంద్రం దగ్గర క్యాన్ల చప్పుడు వినబడుతుంది. మా ఎదురింటామె నాకు వరసకు చెల్లెలు. ఆమెకు అరెకరం పొలం, ఒక గేదె ఉన్నవి. పొలం తిండిగింజలకు సరిపోతుంది. పిల్లల ఫీజులు, పచారీ కొట్టు బాకీ, పండుగకు కొత్త గుడ్డలు అన్నీ ఆ గేదె పొదుగులో నుంచి రావలసిందే. పూటకు మూడున్నర లీటర్లు ఇస్తుంది. కొంత వాడికలకు పోసి, మిగిలినది పాలకేంద్రానికి పంపుతుంది. ఆ వాడికలలో మా ఇల్లు ఒకటి. మూడేళ్ళ మా మనుమరాలు తాగేది ఆ పాలే.

మూడేళ్ళ క్రిందట మా ఇంట్లో ఇన్వర్టరుకు కొత్త బ్యాటరీ కొన్నాను. పాతది ఇచ్చేస్తే ధర కొంత తగ్గిస్తానని దుకాణంవాడు అన్నాడు. ఇంతలో చెల్లెమ్మ కొడుకు వచ్చి, "మామయ్యగారూ, ఆ పాతది నాకిప్పించండి. గొడ్ల చావిడిలో చిన్న దీపం వెలిగించుకుంటాను," అన్నాడు. అడిగినవాడికి కాదనటం ఎందుకని ఇచ్చేశాను. ఆ బ్యాటరీ నెల రోజులైనా పనిచేయలేదు. చావిడి వెనుక మూలన పడేశారు. దాని సంగతి వారూ మరిచిపోయారు, నేనూ మరిచిపోయాను.

రెండు ఎండాకాలాలు గడిచేసరికి దాని డబ్బా పెళుసెక్కింది. ఒకనాడు పిల్లలు క్రికెట్టు ఆటలో వికెట్లకు బదులుగా దానిని తెచ్చి నిలబెట్టారు. దొర్లించటంలో అది పగిలింది. లోపల నుంచి బూడిద రంగు పలకలు బయటపడ్డవి. ఆడపిల్లలు వాటిని విరిచి తొక్కుడుబిళ్ళకు బిళ్ళలు చేసుకున్నారు. బరువైన బిళ్ళ గదా, గీత దాటి జారదు! ఆట అయినాక ముక్కలను కుడితి తొట్టి ప్రక్కన వదిలేసి పోయారు. ఆ సాయంత్రం వాన కురిసింది.

గొడ్లకు ప్రతిదీ నాకి చూసే అలవాటున్నది. ఉప్పగా ఉంటే మరీ ఇష్టం. సీసంతో తయారయ్యే ఉప్పులలో తియ్యగా ఉండేవి కూడా కొన్ని ఉన్నవి. వెనుకటికి రోమను ప్రజలు ద్రాక్షరసాన్ని సీసపు పాత్రలలో కాచి, ఆ తీపికి మురిసిపోయేవారు. వారికే తెలియలేదు, నాలుగు నెలల దూడకు ఏం తెలుస్తుంది?

వారం తరువాత ఆ దూడ మేత మానేసింది. కళ్ళు తెరిచే ఉన్నవి గాని, గుంజ ఎదురుగా ఉన్నా కనబడక వెళ్ళి ఢీకొట్టుకున్నది. పళ్ళు పటపట కొరికింది. తలను గోడకు అదిమిపెట్టి అట్లాగే నిలబడింది. దిష్టి తగిలిందన్నారు కొందరు. పిచ్చికుక్క కరిచి ఉంటుందన్నారు మరి కొందరు. మూడోనాటి తెల్లవారుజామున చచ్చిపోయింది.

పశువుల డాక్టరుగారు వచ్చారు. చచ్చిన దూడను చూసి, దాని నోరు చూసి, ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఈ దొడ్లో పాత రంగు డబ్బాలు గాని, బ్యాటరీలు గాని ఉన్నవా?" ఆ మాట వినగానే నా గుండె జారిపోయింది. చావిడి వెనుకకు దారి చూపించినవాణ్ణి నేనే.

ఆయన పరీక్ష కోసం దూడ నుంచి ముక్కలు తీసుకున్నారు. గేదె రక్తం ఒక గొట్టంలో, పాలు ఒక సీసాలో పట్టారు. సీసా వేరు, సీసం వేరు, జ్ఞాపకముంచుకోండి. సీసా గాజుది, సీసం నల్లగా, మెత్తగా, బరువుగా ఉండే లోహం. తరువాత ఆయన, "అమ్మా, ఫలితం తెలిసేదాకా ఈ పాలు ఎవరికీ పోయవద్దు, మీరూ తాగవద్దు," అన్నారు.

చెల్లెమ్మ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "గేదె శుభ్రంగా నెమరు వేస్తున్నది గదయ్యా. మూడు పొంగులు రానిచ్చి కాస్తే ఏ దోషమైనా పోదూ?" అన్నది. ఆమె మనుమడు నా చొక్కా అంచు పట్టుకుని, మెల్లగా అదే ప్రశ్న అడిగాడు: "తాతగారూ, పాలు కాస్తే సీసం పోతుందా?"

ముప్పై అయిదేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి. అంతకంటే మంచి ప్రశ్న విన్నట్టు నాకు జ్ఞాపకం లేదు. వాడికి చెప్పిన జవాబే మీకూ చెబుతాను.

మనం పాలు కాచేది సూక్ష్మజీవులను చంపటానికి. అవి ప్రాణమున్నవి, వేడికి చస్తవి. పాల కర్మాగారాలలో 72 డిగ్రీల వేడిని 15 సెకండ్ల పాటు తగిలించి, వెంటనే చల్లబరుస్తారు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాశ్చర్ పేరు మీద దానిని పాశ్చరీకరణ అంటారు. కాని సీసానికి ప్రాణం లేదు, చావటానికి. అది మూలకం. ఉడికించినా, పులియబెట్టినా, ఎండబెట్టినా అది సీసమే. అది కరగాలంటేనే 327 డిగ్రీల వేడి కావాలి. పాలు మరిగేది నూటికి కాస్త అటూ ఇటూగా గదా!

చినగంజాం ఉప్పుమళ్ళు చూసినవారు మీలో ఉండవచ్చు. ఎండకు నీరు ఆవిరై పోతుంది, ఉప్పు మడిలోనే మిగులుతుంది. పాలు కాచినా అంతే. ఆవిరై పోయేది నీరు. సీసం గిన్నెలోనే ఉంటుంది. ఇంకా చూడండి. ఇంచుమించు అయిదు లీటర్ల పాలు మరిగిస్తే కిలో కోవా అవుతుంది. ఆ అయిదు లీటర్లలో ఉన్న సీసమంతా ఆ కిలో కోవాలోకి చేరుతుంది. పాలపొడి సంగతీ అటువంటిదే. పాలలోని సీసం ఎక్కువగా కేసిన్ అనే మాంసకృత్తును అంటిపెట్టుకుని ఉంటుంది. కనుక పాలు విరిచి పన్నీరు చేస్తే దానితో పోతుంది. నేతిలోకి వెళ్ళేది తక్కువ.

ఈ సీసం పాలలోకి వచ్చేదెట్లా? గేదె పొదుగు ఒక లీటరు పాలు తయారు చేయాలంటే, దానిలో నుంచి నాలుగైదు వందల లీటర్ల రక్తం ప్రవహించాలి. కాబట్టి రక్తంలో ఏది కలిసినా పొదుగు గుమ్మం దాకా వస్తుంది. అయితే దేవుని దయవల్లనో, ప్రకృతి ఏర్పాటు వల్లనో, పెద్ద గేదె తిన్న సీసంలో రక్తంలో కలిసేది చాలా కొద్ది. ఎక్కువ భాగం పేడలో పోతుంది. రక్తంలో కలిసిన దానిలో కూడా పాలలోకి దిగేది స్వల్పం. కాలేయం, మూత్రపిండాలు, ఎముకలు ముందు పట్టుకుంటాయి. అందుకే గేదె బతికింది. లేతదూడ పేగులు అట్లా కావు. అవి సీసాన్ని పెద్దవాటికంటే ఎన్నో రెట్లు పీల్చుకుంటవి. మనుషులలోనూ అంతే. ఒకే మోతాదు తిన్నా, పెద్దవారి ఒంట్లోకి చేరే దానికి నాలుగైదు రెట్లు పసిపిల్లల ఒంట్లోకి చేరుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

ఎముకలన్నాను గదా, అక్కడ ఒక తమాషా ఉన్నది. తమాషా అనరాదు, మోసం అనాలి. మన శరీరం కాల్షియంతో ఎముకలు కడుతుంది. సీసం కాల్షియం వేషం వేసుకుని వస్తుంది. ఒళ్ళు దానిని పోల్చుకోలేక ఎముకలో పెట్టి దాచుకుంటుంది. పెద్దవారి ఒంట్లో చేరిన సీసంలో నూటికి తొంబై పాళ్ళకు పైగా ఎముకలలోనే ఉంటుంది, పదుల సంవత్సరాల పాటు. మెదడులోకి వెళ్ళినది మరొక రకంగా పాడుచేస్తుంది. పిల్లవాడికి జ్వరం రాదు, నొప్పి ఉండదు. చదివినది నిలవదు, మనసు ఒకచోట కుదరదు. అటువంటివారిని బడిలో మేము మొద్దులని తిట్టి ఊరుకున్నామేమోనని ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది. ఇంత సీసం ఉంటే ప్రమాదం లేదు అని చెప్పదగిన హద్దు ఏదీ లేదని ఈనాటి వైద్యుల మాట.

అయినా లెక్క వేయాలంటే ఏదో ఒక హద్దు కావాలి. ప్రపంచ దేశాల ఆహార ప్రమాణాలను నిర్ణయించే కోడెక్స్ సంఘం కిలో పాలలో 0.02 మిల్లీగ్రాములకు మించి సీసం ఉండరాదన్నది. అంటే మిల్లీగ్రాములో యాభయ్యోవంతు. పెన్సిలు తీసుకోండి. ఒక్క గ్రాము సీసం, అనగా 1,000 మిల్లీగ్రాములు, నేరుగా పాలలో కలిసిందనుకోండి. ఎన్ని కిలోల పాలను ఆ హద్దుకు తేగలదు? వెయ్యిని 0.02తో భాగించండి. 50,000 కిలోలు! మా బ్యాటరీ బరువు యాభై కిలోల పైమాట. అందులో దాదాపు సగం సీసమే. ఈనాడు ప్రపంచంలో వాడే సీసంలో నూటికి ఎనభై పాళ్ళకు పైగా బ్యాటరీలకే పోతున్నది. అమ్మినవారు పాత బ్యాటరీలను తిరిగి తీసుకోవాలని మన దేశంలో 2001లోనే నియమాలు వచ్చినవి. 2022లో వాటి స్థానంలో కొత్తవి వచ్చినవి. దుకాణంవాడు ధర తగ్గిస్తానన్నది ఊరికే కాదు. నేను పట్టించుకోలేదు.

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. పాలకేంద్రంలో రోజూ పాలు పరీక్ష చేస్తారు గదా, అక్కడ పట్టుబడదా? పట్టుబడదు. అక్కడి యంత్రం వెన్న ఎంత ఉన్నదో చెబుతుంది. లాక్టోమీటరు నీళ్ళు కలిపితే చెబుతుంది. కిలోలో మిల్లీగ్రాములో యాభయ్యోవంతు వాటికి ఎక్కడ కనబడుతుంది! దానికి వేరే పరికరం కావాలి. పొయ్యి మంటలో చిటికెడు ఉప్పు పడితే మంట పచ్చగా వెలగటం మీరు చూసే ఉంటారు. ఒక్కొక్క మూలకానికి ఒక్కొక్క రంగు వెలుగుతో చుట్టరికం ఉన్నది. వేడి మంటలో ఉన్న సీసం పరమాణువులు తమ రంగు వెలుగును మాత్రమే మింగుతాయి. ఎంత వెలుగు మింగబడిందో కొలిస్తే ఎంత సీసం ఉన్నదో తెలిసిపోతుంది. ఈ ఉపాయాన్ని ఆస్ట్రేలియాలో పనిచేసిన అలన్ వాల్ష్ అనే శాస్త్రజ్ఞుడు 1955లో లోకానికి ప్రకటించాడు.

అదే 1955లో జపానులో ఘోరం జరిగింది. మొరినాగా అనే పెద్ద కంపెనీవారి పాలపొడి తాగిన పసిపిల్లలు వరసగా జబ్బు పడసాగారు. జ్వరం, నల్లబడిన చర్మం, ఉబ్బిన పొట్ట. కారణం దొరకలేదు. ఆగస్టు నెలలో ఒకయామా నగరంలోని డాక్టర్లు తల్లులను ఒక్కొక్కరినీ అడిగి చూస్తే, అందరూ తాగించినది ఒకే కంపెనీ పాలపొడి అని తేలింది. పాలు గడ్డకట్టకుండా కలిపే ఒక రసాయనంలో ఆర్సెనిక్, అంటే మన పాషాణం, ఉన్నది. ఆవులలో ఏ దోషమూ లేదు. పాలు శుద్ధి చేసేచోట విషం కలిసింది. పన్నెండు వేల మందికి పైగా పిల్లలు దానికి గురి అయినారు. నూరు మందికి పైగా చనిపోయారు. మిగిలినవారికి నయమైపోయిందని ప్రకటించి అందరూ మరిచిపోయారు. పద్నాలుగేళ్ళ తరువాత, 1969లో, మరుయామా అనే ఆచార్యుడు తన తోటివారితో వారి ఇళ్ళకు వెళ్ళి చూస్తే, ఎందరో పిల్లలు ఇంకా బాధపడుతూనే ఉన్నారు. ఆ పరిశోధన నాకు చాలా గొప్పదిగా తోస్తుంది. కొత్త యంత్రమేమీ లేదు. తలుపు తట్టి, కూర్చుని, తల్లి చెప్పింది వినటమే.

మన దగ్గర ఇటువంటిది లేదా అంటే, హైదరాబాదు మూసీ కథ ఉన్నది. మహానగరం మురుగునీరంతా, దానితో పాటు చిన్న పెద్ద కర్మాగారాల నీరు కూడా, మూసీలో కలుస్తూ వచ్చింది. నగరం దాటినాక పీర్జాదిగూడ, పర్వతాపురం వైపు రైతులు ఆ నీటితో పారాగడ్డి పెంచారు. నీటికి కరువు లేదు గనుక ఏడాది పొడుగునా పచ్చగా పెరుగుతుంది. ఆ గడ్డి నగరంలోని గేదెలకు మేత. ఆ గేదెల పాలు నగరంలోని పిల్లలకు. నగరం పారబోసినది నగరానికే తిరిగి వస్తున్నదన్నమాట! ఆ గడ్డిలో భారలోహాలు చేరినవని శాస్త్రజ్ఞులు 2006లో ప్రచురించారు. ఆ మేత మేసిన గేదెల పాలలోనూ వాటి జాడ దొరికింది. భారలోహాలంటే సీసం, కాడ్మియం, పాదరసం వంటి బరువైన లోహాలు. సీసం నీటికంటే పదకొండు రెట్లు బరువు. ఇందులో ఆ రైతును తప్పుపట్టటానికి నాకు మనసొప్పదు. వర్షం లేని చోట ఎప్పుడూ పారే నీరు అదొక్కటే.

ఏలూరు సంగతి మీ తల్లిదండ్రులకు జ్ఞాపకం ఉంటుంది. 2020 డిసెంబరు మొదటి వారంలో అక్కడ ఉన్నట్టుండి మనుషులు కళ్ళు తిరిగి, మూర్ఛ వచ్చి పడిపోయారు. ఆరు వందల మందికి పైగా ఆస్పత్రి పాలైనారు. ఢిల్లీలోని ఎయిమ్స్ డాక్టర్లు రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు కనుగొన్నారు. నీళ్ళు, పాలు కూడా పరీక్షకు పంపారు. అప్పుడు మా ఊళ్ళో కూడా కొందరు భయపడి పిల్లలకు పాలు మాన్పించారు. తరువాత నిపుణులు, పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం అయి ఉండవచ్చునన్నారు. ఒక లోహం రక్తంలో కనబడటం వేరు, జబ్బుకు కారణం అదే అనటం వేరు. దూడ విషయంలోనూ ప్రయోగశాల జవాబు వచ్చేదాకా డాక్టరుగారు "సీసమే" అని తెగేసి చెప్పలేదు.

పాలు మానవలసిన పని లేదని ఆయన కూడా చెప్పారు. కాల్షియం, ఇనుము చాలినంత ఉన్న ఒంట్లోకి సీసం తక్కువగా దూరుతుంది. ఆకలి కడుపునే ఎక్కువగా పట్టుకుంటుంది. కాబట్టి మంచి పాలు సీసానికి విరుగుడు కాకపోయినా, అడ్డుగోడే. పాత్రల విషయంలో మాత్రం జాగ్రత్త. మా అమ్మ రోజులలో ఏడాదికొకసారి ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు వీధిలోకి వచ్చేవాడు. కొలిమి, నవాసారం పొగ, తళతళలాడే గిన్నెలు, మా పిల్లలకు అదొక పండుగ! కళాయికి వాడవలసినది తగరం. తగరం ఖరీదు, సీసం చవక. రెండూ తెల్లగానే మెరుస్తాయి. కళాయిలో సీసం కలిపితే, అందులో కాచిన పాలలోకీ, తోడుపెట్టిన పెరుగులోకీ అది దిగుతుంది. పులుపు తగిలితే మరీ త్వరగా దిగుతుంది. నమ్మకమైన చోట తప్ప కళాయి పూయించవద్దు. పాలకు స్టీలు గిన్నె మేలు.

మరొక మాట. నా చిన్నతనంలో, ఉద్యోగం చేసిన రోజులలో కూడా, పెట్రోలులో సీసం కలిపి అమ్మేవారు. ఆ పొగ రోడ్డు ప్రక్క గడ్డి మీద పడేది. మనం ఆ గడ్డినే కోసుకొచ్చి గొడ్లకు వేసేవాళ్ళం. మన దేశంలో 2000లో దానిని ఆపారు. ప్రపంచంలో చివరిగా అల్జీరియా దేశంలో 2021లో ఆగింది. ఇళ్ళకు వేసే రంగులలో సీసాన్ని కట్టడి చేసే నియమాలు మనకు 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చినవి. పాత తలుపుల మీద ఊడిపోతున్న రంగు మాత్రం ఆనాటిదే. గొడ్లనూ, పాకే పిల్లలనూ దానికి దూరంగా ఉంచాలి.

ఇక మా సంగతి. ఫలితం ఇరవై నాలుగు రోజులకు వచ్చింది. దూడ కాలేయంలో సీసం మెండుగా ఉన్నది. గేదె పాలలో హద్దుకు మించి ఉన్నది. విపరీతంగా కాదు గాని మించి ఉన్నది. గేదెకు నాలుగు అరల పొట్ట ఉంటుందని చదివారు గదా. మింగిన బరువు ముక్కలు రెండో అరలో పడి కూర్చుంటాయి. అక్కడ కొద్దికొద్దిగా కరుగుతూ రక్తంలో కలుస్తూ ఉంటాయి. అందువల్ల ఇంకా కొన్ని వారాలు ఆగవలసిందేనన్నారు.

ఆ ఇరవై నాలుగు రోజులూ చెల్లెమ్మ ఏం చేసిందో చెప్పాలి. పూటపూటా గేదెను పితికింది. పితకకపోతే పొదుగు వాస్తుంది. దూడ లేని గేదె చేపటం కష్టం. తవుడు పెట్టి, వీపు నిమిరి, మాటలు చెప్పి పితికింది. ఆ పాలను కాలవలో పోయకుండా, ఎవరూ కూర వేయని దిబ్బ మీద గొయ్యి తీయించి అందులో పోసింది. ఒకనాడు ఊళ్ళో ఒక పెద్దమనిషి, "పాలకేంద్రంలో అన్ని పాలతో కలిసిపోతే ఎవరికి తెలుస్తుంది? ఎంత పలచబడుతుందో లెక్క వేసుకో," అన్నాడు. లెక్క ప్రకారం ఆయన చెప్పింది అబద్ధం కాదు. అందరి పాలలో కలిస్తే హద్దు లోపలకే వస్తుంది. చెల్లెమ్మ చేతిలో ఉన్న చెంబు క్రింద పెట్టి, "నా మనుమరాలికి పోయనివి ఎవరి మనుమరాలికి పొయ్యమంటావు అన్నయ్యా?" అన్నది. ఆ మాటకు ఆయన దగ్గర లెక్క లేదు.

రోజుకు ఏడు లీటర్లు. అరవై ఆరు రోజులు. ఖరీదు మీరే కట్టుకోండి. ఆ డబ్బు నేను ఇవ్వబోతే ఆమె మొదట తీసుకోలేదు. "బ్యాటరీ అడిగినది మావాడు," అన్నది. నేను ఇచ్చినది నేనే గదా అన్నాను. చివరికి పాల ఖరీదులో సగం తీసుకున్నది. దూడ ఖరీదు మాత్రం ముట్టలేదు.

పిల్లలకు రక్తపరీక్షలు చేయించాము: వారి ఇద్దరికీ, మా మనుమరాలికీ, తొక్కుడుబిళ్ళ ఆడిన మరి ముగ్గురికీ. మందులు వాడవలసినంత ఎవరికీ లేదు. చెల్లెమ్మ మనుమరాలికి మిగిలినవారికంటే కొంచెం ఎక్కువగా ఉన్నది. ఆ బిళ్ళను గౌను జేబులో పెట్టుకుని తిరిగిందట. ఆరు నెలలకు మళ్ళీ చూపించమన్నారు. బ్యాటరీ ముక్కలు ఏరి, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి దుకాణానికి అప్పగించాము. తొట్టి చుట్టూ జానెడు లోతున మట్టి ఎత్తించాము. ఆ మట్టిని ఎవరు తీసుకుంటారో చెప్పేవారే కనబడలేదు. రెండు కార్యాలయాలకు తిరిగాను. పదకొండు గోనెసంచులు మా వెనుక గదిలో సిమెంటు గచ్చు మీద, వాన తగలకుండా, ఈ నాటికీ ఉన్నవి. మావాళ్ళు సణుగుతూనే ఉన్నారు.

రెండోసారి పంపిన పాలు హద్దుకు చాలా లోపల ఉన్నట్టు వచ్చింది. పోయిన నెల నుంచి మళ్ళీ వాడిక పాలు పోస్తున్నది. ఈ సంగతులన్నీ మీకు చెబుతానని అడిగితే, "పేర్లు రాయవద్దన్నయ్యగారూ, మిగతాది రాయండి," అన్నది.

నిన్న సాయంత్రం ఆ కుర్రవాడు మా అరుగు మీద కూర్చుని మరొక ప్రశ్న వేశాడు. "గేదె ఎముకల్లో సీసం దాగి ఉంటుందన్నారు గదా. ఈనినప్పుడు పాల కోసం ఎముకల్లో కాల్షియం బయటికి వస్తుందని మా పుస్తకంలో ఉంది. అప్పుడు సీసం కూడా వస్తుందా?"

వస్తుంది. కొంత వస్తుంది. ఎంత వస్తుందో పరీక్ష చేస్తే తప్ప చెప్పలేమని డాక్టరుగారు ఫోనులో అన్నారు. గేదె ఇప్పుడు చూలుతో ఉన్నది, మాఘమాసంలో ఈనాలి. ఈనిన ఇంటి నుంచి జున్నుపాలు వాడికల వారికందరికీ పంచటం మా ఊరి వాడుక. ఈసారి మొదటి చెంబు ప్రయోగశాలకు వెళ్ళాలని, జవాబు వచ్చేదాకా జున్ను ఎవరికీ ఇవ్వరాదని ఆ కుర్రవాడు చావిడి గుంజకు క్యాలెండరు తగిలించి, ఎర్ర సిరాతో వ్రాసి పెట్టాడు.